పార్వతిని గూర్చి నాలుగు మాటలు



గడచిన మాసమున మేము నారాయణఖేడులో మా అక్కగారింట నుంటిమి. అక్క కూతునకు బీదరునుండి యొక సంబంధము వచ్చి యుండెను. మరునాడుదయమున వారికి ఫోనుచేసి మాట యీయవలెను. ఆ రాత్రి టెలివిజనులో ‘దేవదాసు’ వచ్చుచుండగా ఇంటిల్లిపాదియు కూర్చుండి చూచితిమి. శరచ్చంద్రుని వంగనవల 1917లో వెలువడినది. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున ఈ తెలుగు చిత్రము 1953లో వచ్చినది. నాగేశ్వరరావుగారు దేవదాసు, సావిత్రి పార్వతి. అక్క అత్తగారు మొదటినుండియు కొంగుతో కన్నులొత్తుకొనుచునే యుండిరి.

ఆ కన్నీ రెవరికొరకు? దేవదాసు కొరకే. గడ్డము పెంచుకొని దిగులుగా దిరుగువాని నెల్ల మనవారు ‘దేవదాసు’ అందురు. పార్వతి పేరట్లు ఏ యాడుదానికిని రాలేదు.

కథను మరల తలచి చూడుడు. పెద్దలు కాదన్నపుడు లోకులకు వెరవక అర్ధరాత్రి అతని గదికి బోయి అడిగినది పార్వతి. తండ్రికి జంకి, ఊరు విడిచిపోయి, ఆమెను నిరాశపరచు ఉత్తరము వ్రాసినవాడతడు. మనసు మారి తిరిగివచ్చు నప్పటి కామెకు వేరుచోట పెండ్లి నిశ్చయమైనది. ఆమె తలవంచలేదు. అందుల కతడు కొట్టిన దెబ్బకు ఆమె నుదుట మచ్చపడినది. ఆ మచ్చను ప్రేమచిహ్నమని మెచ్చువారు కలరు. మేము మెచ్చము. పిమ్మట నామె ఎదిగిన బిడ్డలుగల జమీందారునకు రెండవ భార్యగా బోయి ఆ యిల్లు చక్కదిద్దుకొన్నది. అతడు త్రాగి చచ్చెను. ఈ రెంటిలో ఏది కష్టమో యిల్లు నడుపు మీకు మేము చెప్పనక్కరలేదు.

ఇది మన దేశమునకే చెల్లిన కథయు గాదు. జర్మను రచయిత ఫొంటానె వ్రాసిన ‘ఎఫీ బ్రీస్ట్’ నవలను తూర్పు జర్మనీ టెలివిజనువారు 1970లో చిత్రముగా చూపిరి. అందు పదునేడేండ్ల పిల్లను, పూర్వ మామె తల్లినే కోరిన ముప్పదియెనిమిదేండ్ల ప్రభువున కిత్తురు. ఏండ్లు గడచిన పిదప మరియొకని పాత యుత్తరములు బయటపడగా, భర్త వానిని ద్వంద్వయుద్ధమున జంపును. ఆమె బిడ్డకు దూరమై, చిక్కి మరణించును. అప్పుడు తల్లికి సందేహము పుట్టును, పిల్ల మరీ చిన్నదేమో యని. అప్పుడు!

మన చిత్రము తుదకు వచ్చినది. దేవదాసు వాకిట బడి యుండగా పార్వతి పరుగెత్తినది, ద్వారము మూసిరి. అత్తగారు “పాపము, పిల్లవాడు” అనిరి. అంతవరకు పలుకక కూర్చున్న అక్క కూతురు మా వైపు తిరిగినది.

“చిన్నమ్మా, ఆమె యడిగినది. నన్నింతవరకు ఎవరును అడుగనేలేదు.”

అక్క లేచి టెలివిజను కట్టివేసినది. తెల్లవారిన పిదప, బావగారు ఫోను చేతబట్టు కొనగా “ఆగుడు” అని, కూతును లోపలి గదికి బిలిచి తలుపు వేసికొన్నది. వారి మాటలు మాకు వినబడలేదు. ఆనాడు బీదరునకు ఫోను పోలేదు.