బాదం ఆకు బొమ్మ

ఆకురాలు కాలం బొమ్మ వేద్దామని కూర్చుంటే చాలామంది చెయ్యి ఎటు పోతుంది? నేరుగా క్యాలెండర్లోని మేపుల్ చెట్టు దగ్గరికే! కెనడాలో సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎర్రబడే చెట్టుని కూకట్‌పల్లిలో కూర్చుని దించడమెందుకండీ? కేపీహెచ్‌బీ కాలనీలో ప్రహరీగోడల మీదుగా వీధిలోకి వంగిన బాదం చెట్టుని చూడండి. రాలబోయే ముందు దాని ఆకు పసుపు, కాషాయం దాటి కుంకుమ రంగుకి తిరుగుతుంది. పొద్దున్నే ఊడ్చేసేలోపు ఓ నాలుగు ఏరి తెచ్చుకుంటే చాలు, అంతకుమించిన మోడల్ లేదు.

మనకి ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. చిత్రమేమిటంటే, రావిచెట్టు పండుటాకులు రాల్చిన కొద్దిరోజులకే రాగిరంగు చిగుళ్లు తొడుగుతుంది. ఊరు దాటితే మోదుగ, ఆకన్నది లేకుండా నారింజ పూలతో మండుతుంటుంది. అందుకని మన బొమ్మలో దిగులొక్కటే ఉంటే అది మన చెట్టు కాదు.

ఇక రంగులు. తెల్ల కాన్వాస్ మీద నేరుగా మొదలెట్టకండి. బర్న్ట్ సియెనాని నీళ్లతో పల్చన చేసి మొత్తం పూసేయండి. ఆరాక, బూడిద రంగులో కాస్త ఊదా కలిపి వెనకాల ఆకాశం, అపార్ట్‌మెంట్లు. అక్కడక్కడా అడుగు రంగుని తొంగిచూడనివ్వండి, మన ఎండలో దుమ్ము అలాగే ఉంటుంది. దానిపైన ఎల్లో ఓకర్. ఎరుపు, నారింజ చిట్టచివర, చిక్కగా, నైఫ్‌తో. కింది పొర ఆరకముందే పైది వేశారా, అంతా బురదే! అక్రిలిక్‌తో ఆ బాధ తక్కువ. ఫిబ్రవరి ఎండకి బాల్కనీలో నిమిషాల్లో ఆరుతుంది. పాలెట్ మీదా ఆరిపోతుంది కనుక నీళ్ల స్ప్రే పక్కనే ఉంచుకోండి. అక్రిలిక్ మీద ఆయిల్ రంగు వేయొచ్చు గానీ, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు.

అందరూ జంకేది కుంచె కదిపే దగ్గర. ఆకు ఆకూ గీయబోతే చెట్టు బిగుసుకుపోతుంది. వాన్ గో 1888లో ఆర్ల్ ఊళ్లో ఉండగా ఆలిస్కాం దారిలో రాలుతున్న ఆకుల్ని చిత్రించాడు. అవి చిన్న చిన్న కుంచె దెబ్బలే. ఈనెలూ లేవు, తొడిమలూ లేవు. మీరూ వెడల్పు కుంచె తీసుకుని మణికట్టుతో కాకుండా భుజం నుంచి కదపండి. కాండానికి కిందినుంచి పైకి, రాలే ఆకుకి ఏటవాలుగా. నచ్చకపోతే ఆరనిచ్చి పైన ఇంకో పొర.

బొమ్మ వెనక తేదీ, వీధి పేరు రాసిపెట్టండి. సెల్లార్లకీ రోడ్డు వెడల్పుకీ చెట్లు పోతున్నచోట, రెండేళ్ల తర్వాత ఆ బాదం అక్కడ ఉంటుందో లేదో!