రెవిట్ ఫ్యామిలీ ఎవరి సొత్తు?

మా రూమ్మేట్ బిమ్ మోడలర్. కోడింగ్ అంటే మనదే అనుకునేవాణ్ణి గానీ, ఓ రాత్రి వాడి స్క్రీన్ మీద ఒక కిటికీ చూశాక ఆ పొగరు కాస్త తగ్గింది. వెడల్పు మారిస్తే గాజు పలకల సంఖ్య దానంతటదే పెరుగుతోంది, ఫ్రేమ్ మందం మారుతోంది, షెడ్యూల్‌లో లెక్క కూడా మారిపోతోంది. లోపల చూస్తే ఫార్ములాలు, ఇఫ్ కండిషన్లు, లుకప్ టేబుల్. బొమ్మలా కనిపించే ప్రోగ్రామ్ అన్నమాట. రెవిట్‌లో దీన్ని ఫ్యామిలీ అంటారు, ఫైల్ ఎక్స్‌టెన్షన్ ఆర్‌ఎఫ్‌ఏ.

ఆ కిటికీని వాడు ఓ ఫ్రీలాన్స్ ప్రాజెక్టు కోసం చేశాడు. కొన్ని నెలల తర్వాత ఎవరో అమ్ముతున్న ఫ్యామిలీల ప్యాక్‌లో అదే కిటికీ కనపడింది. పారామీటర్ పేరులో వీడు చేసిన స్పెల్లింగ్ తప్పుతో సహా! క్లయింటుకి ఫోన్ చేస్తే, "డబ్బులిచ్చాం కదా బ్రో, అది మాదే" అన్నారు.

నిజంగా వాళ్లదేనా? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి ఓనర్ కంపెనీయే. ఫ్రీలాన్సర్ కథ వేరు. సెక్షన్ 19 ప్రకారం హక్కులు బదిలీ కావాలంటే సంతకంతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అందులో కాలం రాయకపోతే 5 ఏళ్లే. డబ్బులిచ్చినంత మాత్రాన ఆ ప్రాజెక్టులో వాడుకునే హక్కు వస్తుందేమో గానీ, ప్యాక్ కట్టి అమ్ముకునే హక్కు రాదు. మావాడి దగ్గర కాగితమే లేదు, అంతా వాట్సాప్‌లోనే.

అలాగని ప్రతి తలుపుకీ కాపీరైట్ ఉంటుందని కాదు. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 2007లో చెప్పింది ఇదే: కష్టపడితే సరిపోదు, కొంతైనా సృజన ఉండాలి. కేటలాగ్ కొలతలతో గీసిన మామూలు తలుపుకి పెద్దగా రక్షణ దొరక్కపోవచ్చు. కానీ ఆ ఫార్ములాలు అల్లిన తీరు మాత్రం కచ్చితంగా రచనే అని నా వాదన.

టెక్నికల్‌గా చూస్తే పరిస్థితి ఇంకా ఘోరం. ప్రాజెక్ట్ ఫైల్ ఇచ్చారంటే అందులో లోడ్ చేసిన ఫ్యామిలీలన్నీ ఇచ్చేసినట్టే. ఎడిట్ ఫ్యామిలీ, సేవ్ యాజ్, అంతే. ఆర్కిక్యాడ్‌లో జీడీఎల్ ఆబ్జెక్టు స్క్రిప్టుకి పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, రెవిట్‌లో ఆ సదుపాయం లేదు. ఐఎఫ్‌సీగా ఎక్స్‌పోర్ట్ చేసి ఇస్తే ఆకారం, డేటా వెళ్తాయి, ఫార్ములాలు వెళ్లవు. అయితే చాలామంది క్లయింట్లు నేటివ్ ఫైలే కావాలంటారు.

మరి రెవిట్‌లోనూ తాళం పెట్టాలా? నాకైతే వద్దనిపిస్తుంది. బిల్డింగ్ దశాబ్దాలు నిలబడుతుంది. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైల్ పాత రెవిట్‌లో తెరుచుకోదు, అంటే పాతవాటిని ఎప్పటికప్పుడు అప్‌గ్రేడ్ చేసుకుంటూ పోవాలి. ఫ్యామిలీ చేసినవాడు ఎక్కడున్నాడో తెలియక, పదిహేనేళ్ల తర్వాత హాస్పిటల్ మెయింటెనెన్స్ ఇంజినీరు ఒక పైపు సైజు మార్చలేకపోతే ఏం లాభం?

నేను కోరేది చిన్నది. మనం ప్యాకేజ్ డాట్ జేసన్‌లో లైసెన్స్ అని ఒక లైను రాస్తాం కదా, అలాంటిది ఆర్‌ఎఫ్‌ఏకీ ఉండాలి. సాఫ్ట్‌వేరే దాన్ని చూపించాలి. అప్పటిదాకా షేర్డ్ పారామీటర్లుగా రచయిత పేరు, లైసెన్స్ పెట్టుకోవచ్చు. ప్రతి షేర్డ్ పారామీటర్‌కీ ఒక జీయూఐడీ ఉంటుంది, పేరు అలాగే పెట్టినంత మాత్రాన ఆ నంబర్ యాదృచ్ఛికంగా కలవదు. తీసేయాలనుకున్నవాడు తీసేస్తాడనుకోండి, కానీ కాపీ కొట్టేవాళ్లలో ఎక్కువమంది బద్ధకస్తులు. స్పెల్లింగ్ తప్పు కూడా దిద్దలేదు మరి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మావాడి లైబ్రరీ తెరిచి, ఈ కుర్చీ ఎక్కడిది, ఈ లిఫ్ట్ ఎక్కడిది అని అడిగాను. సగానికి సమాధానం లేదు. పాత ఆఫీసు నుంచి పెన్‌డ్రైవ్‌లో వచ్చినవీ, స్నేహితులు పంపినవీ. డౌన్‌లోడ్ బటన్ ఉంటే ఫ్రీ అనుకున్నాడట. గిట్‌హబ్‌లో లైసెన్స్ లేని కోడ్‌ని మనం ఎత్తుకొచ్చినట్టే.

ఆ కుర్చీలు డిలీట్ చేయడానికి ఒక ఆదివారం పట్టింది. తర్వాతి కొటేషన్‌లో "ఫ్యామిలీలు ఈ ప్రాజెక్టుకే, తిరిగి అమ్మకూడదు" అని ఒక లైను పెట్టాడు. కొత్త క్లయింటు అయితే రేటు తగ్గించమన్నాడు. మావాడు కొంచెం తగ్గించాడు, లైను మాత్రం తీయలేదు.