ఆ రబ్బరు ముక్క ఎవరు కొనాలి?

గల్ఫ్‌లో పెయింటింగ్, జిప్సం బోర్డు పనులు చేసే మన తెలుగు తమ్ముళ్లకీ, వాళ్ల మీద మాలాగా సూపర్‌వైజర్లుగా ఉన్నవాళ్లకీ ఒక సంగతి చెప్పాలని రాస్తున్నాం. సంగతి చిన్నదే. సాండర్ మిషన్‌కీ, పొడి లాగే వ్యాక్యూమ్ పైపుకీ మధ్య పెట్టే అడాప్టర్ గురించి.

మేం దుబాయ్‌లో ఒక ఇంటీరియర్ కంపెనీలో సూపర్‌వైజర్లం, నలుగురం. ఇద్దరిది జగిత్యాల వైపు, ఒకరిది కడప, ఒకరిది అమలాపురం. అందరం పాలిటెక్నిక్ డిప్లొమావాళ్లమే. ఆమధ్య మా కంపెనీ గోడలు సాపు చేసే సాండర్లు ఆరు, వ్యాక్యూమ్‌లు మూడు కొన్నది. సాండర్లు ఒక బ్రాండు, వ్యాక్యూమ్‌లు ఇంకో బ్రాండు. పర్చేజ్ వాళ్లు ఎక్కడ రేటు తగ్గితే అక్కడ కొంటారు కదా. సైట్‌కి వచ్చాక చూస్తే సాండర్ మూతి పైపులో వదులుగా ఉంది. మనవాళ్లు టేపు చుట్టారు. ఒక రోజు ఆగింది. రెండో రోజు మిషన్ అదురుకి ఊడింది. మూడో రోజు వ్యాక్యూమ్ స్టోర్‌లోకి పోయింది. తర్వాత రెండు నెలలు మాజూన్ పొడిలోనే పని నడిచింది. పుట్టీని ఇక్కడ మాజూన్ అనే అంటాం.

ఇందులో మా తప్పు ఉంది. "మాస్క్ కట్టుకోండ్రా" అని ఒక మాట అనేసి, డ్రాయింగులు పట్టుకుని పై ఫ్లోర్‌కి పోయాం.

మా క్రూలో ఒక పెద్దాయన ఉన్నాడు. అందరం కాకా అనే పిలుస్తాం. రాత్రిళ్లు క్యాంపులో ఆయన దగ్గు పక్క రూముకి వినబడేది. "కాకా, దవాఖానకు పోదాం పా" అంటే, "వద్దు సారూ, ఎక్స్‌రే అంటరు. మచ్చ కనవడ్తే ఇంటికి తోలుతరు. చిన్నబిడ్డ పెండ్లి బాకీ ఇంకా తీరలే" అన్నాడు. ఆ మాటకి మా నలుగురి దగ్గరా జవాబు లేదు. గల్ఫ్‌కి వచ్చిన ప్రతివాడూ గాంకా మెడికల్ చూసినవాడే. ఇప్పుడు దాన్ని వఫీద్ అంటున్నారు, పేరు మారినా ఛాతీ ఎక్స్‌రే మారలేదు. అన్‌ఫిట్ అన్న మాట మనవాళ్లకి జబ్బు కన్నా పెద్ద భయం.

కాకా దగ్గు పొడి వల్లనో, బీడీ వల్లనో డాక్టర్ చెప్పాలి, మేం చెప్పకూడదు. పుట్టీలో ఎక్కువ భాగం సున్నపురాయి పొడి ఉంటుంది, కొన్ని రకాల్లో సిలికా కూడా ఉంటుంది. కానీ మనం పుట్టీ ఒక్కటే గీకం కదా. సిమెంటు ప్లాస్టరు, కాంక్రీటు, బ్లాకు గోడ గీకినా కోసినా లేచేదాంట్లో సిలికా తప్పకుండా ఉంటుంది. కంటికి కనబడే పొడి ముక్కులో, గొంతులో ఆగుతుంది. కనబడని సన్న పొడే ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. దానివల్ల వచ్చే సిలికోసిస్‌కి మందు లేదు. అది ఉన్నవాళ్లకి టీబీ సోకే అవకాశం కూడా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ సిలికా పొడిని 1997లోనే క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. అమెరికాలో 2016లో తెచ్చిన రూలు ప్రకారం ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరు గాలికి సగటున 50 మైక్రోగ్రాముల సిలికా మించకూడదు. ఒక గ్రాములో పది లక్షల మైక్రోగ్రాములు. చిటికెడు కూడా కాదన్నమాట.

ఎండ సంగతి చూడండి. యూఏఈలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు బయట ఎండలో పని బంద్. ఎండకి మనిషి కళ్లముందే పడిపోతాడు, కాబట్టి అందరికీ భయం. పొడికి మనిషి పదేళ్ల తర్వాత ఊళ్లో పడిపోతాడు. అప్పటికి కంపెనీ ఎక్కడో, సూపర్‌వైజర్ ఎక్కడో.

మాస్క్ ఉంది కదా అంటారు. మంచి మాస్క్ కావాల్సిందే, కాదనం. కానీ ఏసీ ఇంకా పెట్టని హాల్లో, ఆగస్టు నెలలో, చెమట కారుతుంటే పది గంటలు మాస్క్ దించకుండా ఎంతమంది ఉంటారు? తువ్వాలు చుట్టుకుంటే సన్న పొడి ఆగదు. పైగా అదే హాల్లో వైరు లాగే ఎలక్ట్రీషియన్‌కి ఏ మాస్కూ లేదు. పొడిని పుట్టినచోటే పట్టాలి. అమెరికాలో కార్మికుల ఆరోగ్యంపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్, బోర్డు జాయింట్లు సాండింగ్ చేసేటప్పుడు వాడే ఐదు రకాల వ్యాక్యూమ్ పరికరాలను పరీక్షించి, గాలిలో పొడి 80 నుంచి 97 శాతం తగ్గిందని 1999లో ప్రకటించింది. అయితే పైపు మిషన్‌కి గట్టిగా పట్టాలి. జాయింటులో సందు ఉంటే వ్యాక్యూమ్ ఆ సందులోంచే గాలి లాక్కుంటుంది, గోడ దగ్గరి పొడి గోడ దగ్గరే లేస్తుంది.

చివరికి మేం చేసింది ఇది. వెర్నియర్ తీసుకుని సాండర్ మూతి బయటి కొలత, పైపు లోపలి కొలత రాసుకున్నాం. లోపలి కొలతా బయటి కొలతా కలగాపులగం చేసే చాలామంది తప్పు అడాప్టర్ తెస్తారు. మెట్లు మెట్లుగా ఉండే రబ్బరు అడాప్టర్ తెచ్చి, మన సైజు మెట్టు దగ్గర కత్తితో కోసి, పైన హోస్ క్లిప్పు బిగించాం. పైపు లావుదే ఉంచి, సన్నబడే ముక్కని మిషన్ దగ్గరే పెట్టాలి. 36 మిల్లీమీటర్ల పైపుకి 18 మిల్లీమీటర్ల ముక్క పెడితే సగమే తగ్గింది కదా అనుకుంటాం. కానీ గాలి పోయే దారి నాలుగో వంతే మిగులుతుంది. అంత సన్నది పెడితే పెట్టనట్టే.

ఇంకోటి. "సార్, పైపు షాక్ కొడుతోంది" అని మనవాళ్లు పీకేస్తుంటారు. చాలాసార్లు అది కరెంటు లీక్ కాదు, ఎండు పొడి ప్లాస్టిక్ పైపులో రాసుకుంటూ పోతే పుట్టే స్టాటిక్. అయినా వైరు, ప్లగ్గు ఒకసారి ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాల్సిందే. యాంటీస్టాటిక్ పైపుకి మామూలు ప్లాస్టిక్ ముక్క పెడితే ఆ దారి తెగుతుంది, కాబట్టి అడాప్టర్ కూడా యాంటీస్టాటిక్‌దే అడగాలి. ఉప్పు కాగితం చిల్లులు ప్యాడ్ చిల్లుల మీదికి సరిగ్గా రావాలి. సాండర్ గోడకి అతుక్కుపోతుంటే వ్యాక్యూమ్ పీకేయకుండా లాగుడు తగ్గించుకుంటే చాలు.

మరి ఆ ముక్క ఎవరు కొనాలి? కొందరు తమ్ముళ్లు తమ జేబులోంచి కొంటామన్నారు. వద్దన్నాం. ఒకసారి లేబర్ కొంటే ఇక ఎప్పటికీ లేబరే కొనాలి, రేపు మాస్కులూ అంతే, గ్లోవ్స్ అంతే. అడగాల్సింది పర్చేజ్ వాళ్లని, అడగాల్సినవాళ్లం మేం. స్టోర్‌కీపర్ చెప్పాక తెలిసి సిగ్గుపడ్డాం, సాండర్‌తోపాటు డబ్బాలోనే ఒక అడాప్టర్ వచ్చిందట, థర్మాకోల్‌తోపాటు చెత్తలోకి పోయిందట. ఇప్పుడు మా మెటీరియల్ రిక్వెస్ట్‌లో సాండర్ రాసిన ప్రతిచోటా కింద గీతలో అడాప్టర్ కొలతతో సహా రాస్తున్నాం. పైపు పట్టిందని మాలో ఒకరు చూడందే సాండర్ స్విచ్ వేయనివ్వం. పని గంట లేటయిందని ప్రాజెక్ట్ మేనేజర్ రెండుసార్లు కేకలేశాడు. మూడోసారి ఏమీ అనలేదు. సాయంత్రం ఊడ్చే పని తగ్గిందని ఆయనకే కనబడింది.

కాకాని పోయిన శుక్రవారం ఎలాగో ఒప్పించి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఎక్స్‌రే తీశారు. రిపోర్ట్ ఇంకా రాలేదు.