ఇష్టగీతాల పట్టికకెక్కని గీత



మార్గశీర్ష మాసం ప్రవేశించే వేళకు ఆంగ్ల సంవత్సరం ముగింపునకు వస్తుంది. ఏడాది పొడవునా ఏ పాటను ఎన్నిమార్లు విన్నదీ లెక్కగట్టి, స్పాటిఫై వంటి యాప్‌లు ప్రతి శ్రోతకూ ఒక పట్టికను చేతికందిస్తాయి. సంగీతప్రియులు దానికి తమ అభిరుచిని జోడించి, ఈ ఏటి ఉత్తమ ఆల్బములు ఇవి, ఉత్తమ గీతాలు ఇవి అని మిత్రులతో పంచుకుంటారు. దీనిని వ్యర్థవినోదమని త్రోసిపుచ్చనక్కరలేదు. విభూతియోగంలో భగవానుడు చేసినదీ ఒక విధంగా ఇటువంటిదే. వేదాలలో సామవేదం, సామాలలో బృహత్సామం, ఛందస్సులలో గాయత్రి, మాసాలలో మార్గశీర్షం తానేనని ఆయన ఒక్కొక్క వర్గంలోని శ్రేష్ఠమును ఎంచి చూపాడు. అయితే ఆ ఎంపికకు ప్రమాణం అర్జునుని ఇష్టం కాదు, ఎన్నిమార్లు విన్నాడన్న సంఖ్యా కాదు.

కఠోపనిషత్తులో యమధర్మరాజు నచికేతునకు ఈ భేదాన్నే బోధించాడు. శ్రేయస్సు వేరు, ప్రేయస్సు వేరు. రెండూ మనుష్యుని ఎదుటకు వస్తాయి. వివేకి విచారించి శ్రేయస్సును వరిస్తాడు, మందబుద్ధి ప్రేయస్సును పట్టుకుంటాడు. యాప్ చూపే సంఖ్య ప్రేయస్సుకు లెక్క మాత్రమే. శ్రేయస్సును లెక్కించే యంత్రం లేదు, ఆ లెక్క శ్రోతయే వేసుకోవాలి.

గోదావరి తెలంగాణలో అడుగిడే చోట, మంజీర, హరిద్రలతో కలిసే కందకుర్తి పరిసరాలలో ఒక భక్తుని పట్టిక ఎలా ఉంటుంది? 1963లో రికార్డైన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతం తప్పక ఉంటుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి రామదాసు కీర్తనలు, 2025 మార్చిలో పరమపదించిన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారి అన్నమాచార్య సంకీర్తనలు ఉంటాయి. నదికి ఆవలి ఒడ్డు మహారాష్ట్రం కనుక భీమ్‌సేన్ జోషిగారి అభంగాలూ ఉండవచ్చు. అన్నీ శ్రవణయోగ్యాలే. కాని ఆ పట్టికలో ప్రాయికంగా కనబడనిది ఒకటున్నది: ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత.

ఘంటసాలవారు 1974 ఫిబ్రవరి 11న దివంగతులయ్యారు. జీవితపు చివరి దశలో ఆయన గీతలోని 700 శ్లోకాల నుండి నూరుకు పైబడిన శ్లోకాలను ఎంచి, తెలుగు తాత్పర్యంతో సహా ఆలపించారు. సంస్కృతం రాని కోట్ల తెలుగువారికి గీతార్థం చెవికి చేరడానికి ఇంతకు మించిన సాధనం లేదంటే అతిశయోక్తి కాదు. అటువంటి గ్రంథానికి ఈనాడు పట్టిన గతి ఏమిటి? వీధిలో ఆ కంఠం వినబడగానే తెలుగువాడు వేసే మొదటి ప్రశ్న, "ఎవరు పోయారు?" అని. వైకుంఠరథం మీద, శవజాగరణ వేళ, దశదిన కర్మలలో తప్ప ఆ ధ్వని వినబడడం అరుదైపోయింది. ఉదయాన్నే ఇంట్లో పెట్టబోతే, అశుభమని పెద్దలే ఆపించే ఇళ్ళున్నాయి.

ఇది శాస్త్రం చెప్పినది కాదు, కేవలం అలవాటు. కురుక్షేత్రంలో గీతోపదేశం జరిగినప్పటికి ఇంకా ఒక్క బాణమూ విడువబడలేదు. విన్నవాడు ధనుస్సు జారవిడిచి కూర్చున్న సజీవుడు. విన్న ఫలితంగా అతడు లేచి స్వకర్మకు పూనుకున్నాడు. కర్మకు ఉపక్రమించేవానికి చెప్పిన శాస్త్రాన్ని కర్మ ముగిసినవాని పక్కన మాత్రమే వినిపించడం ఎంతటి విపర్యాసం!

దుఃఖగృహంలో గీత తగదని దీని భావం కాదు. బంధునాశ భయంతో శోకించినవానికే భగవానుడు ఆత్మ నిత్యత్వాన్ని బోధించాడు కనుక, ఆ ఇంట గీత వినబడడం సముచితమే. అక్కడా వినేది బ్రతికి ఉన్నవారే. దోషం అప్పుడు వినడంలో లేదు, అప్పుడు మాత్రమే వినడంలో ఉన్నది.

ఈ సంశయానికి కందకుర్తి రేవే సమాధానం. సంగమంలో ఒకరు పితరుల అస్థికలను నిమజ్జనం చేస్తుంటే, సమీపంలోనే మరొకరు పర్వస్నానం ఆచరిస్తారు. అదే జలాన్ని బిందెతో తీసుకొనిపోయి శివునికి అభిషేకిస్తారు. అస్థికలను స్వీకరించినందున గోదావరి అమంగళమైనదని ఎవరూ అనరు. నదికి అంటని మైల నారాయణుని వాక్కుకు ఎలా అంటుతుంది?

ఆచరణ సులభం. మార్గశీర్ష శుద్ధ ఏకాదశి గీతాజయంతి. అధికమాసం రాని ఏట, నాటి నుండి ఉగాదికి సుమారు 108 రోజులు. ఘంటసాలవారు పాడిన శ్లోకాలను దినానికొక్కటి చొప్పున, తాత్పర్యంతో సహా వింటే ఉగాదినాటికి దాదాపు పూర్తవుతాయి. వంట చేస్తూనో, బండి నడుపుతూనో కాక, దీపం వెలిగించి రెండు నిమిషాలు కూర్చుని వినాలి. పాణినీయశిక్ష అర్థం తెలియక పఠించేవానిని అధమ పాఠకులలో లెక్కించింది. ఆ నియమం శ్రోతకూ చెందుతుంది. శ్రవణం తరువాత మననం లేకపోతే అది వట్టి శబ్దసంపర్కం.

రోజుకొక్కమారు విన్న శ్లోకం యాప్ లెక్కలో ఏనాటికీ ప్రథమస్థానానికి రాదు, రానవసరమూ లేదు. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. కందకుర్తి రేవులో మైకులు మ్రోగుతాయి. ఆ మైకులో ఘంటసాలవారి గీత వినవచ్చినప్పుడు, స్నానానికి దిగిన పిల్లవాడు "ఎవరు పోయారు?" అని అడగక, "ఇది ఎన్నవ అధ్యాయం?" అని అడిగితే ఈ తరపు పెద్దలు తమ బాధ్యత నెరవేర్చినట్లు.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.