నర్సీపట్నానికి ఎన్ని అక్షరాలు?

మొన్న సంక్రాంతికి మాకవరపాలెం వెళ్తే మా పిన్ని కొడుకు ఓ బాంబు పేల్చాడు. బీటెక్ మానేస్తాడట. సీఎస్ఈ రెండో సంవత్సరం. "నాకు కోడింగ్ రాదన్నా. అందరికీ అర్థమవుతోంది, నాకే అవ్వట్లేదు. ఏదో ఒక డిగ్రీలో చేరిపోతాను" అన్నాడు. బాబాయి ఏమీ అనలేదు, లేచి తోటకెళ్ళిపోయాడు. రెండేళ్ళ ఫీజులూ హాస్టలు ఖర్చులూ ఆ జీడితోట మీంచి వచ్చినవే మరి. ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి పంచాయితీ నా నెత్తి మీద పడింది.

కూర్చోబెట్టి అడిగితే తేలిందేంటంటే, వాడు ల్యాబ్ రికార్డులో బోలెడు ప్రోగ్రాములు రాశాడు. కాగితం మీద, మార్జిన్లు కొట్టి మరీ. ఫైబొనాకి, పాలిండ్రోమ్, మాట్రిక్స్ గుణకారం (మీ రికార్డులో కూడా ఇదే వరస కదూ?). వాటిలో ఒక్కటి కూడా సొంతంగా టైప్ చేసి, చెడగొట్టి, మళ్ళీ బాగుచేసుకున్నది లేదు. వాణ్ణి అని ఏం లాభం, నేనూ అలా పాసైనవాణ్ణే. టర్బో సీలో బంతి ఎగిరే ప్రోగ్రాం కొడితే "బీజీఐ ఎర్రర్: గ్రాఫిక్స్ నాట్ ఇనిషియలైజ్డ్" అని వచ్చింది. పక్కవాడి ఫోల్డర్ పాత్ కాపీ కొట్టి గట్టెక్కాను. ఇనిట్‌గ్రాఫ్ అంటే ఏంటో ఉద్యోగంలో చేరాక గానీ తెలీలేదు, అప్పటికి దాంతో పని లేదు :)

అందుకని వాడికి లెక్చరు ఇవ్వకుండా ఒక పుస్తకం తెరిచాను. ఆల్ స్వైగార్ట్ రాసిన 'ఇన్వెంట్ యువర్ ఓన్ కంప్యూటర్ గేమ్స్ విత్ పైథాన్'. నో స్టార్చ్ ప్రెస్ వాళ్ళు వేశారు, నాలుగో ఎడిషన్ 2016లో వచ్చింది. రచయిత క్రియేటివ్ కామన్స్ కింద పెట్టాడు కాబట్టి నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. పద్ధతి చాలా పాతది. ప్రతి అధ్యాయంలో ఒక ఆట, దాని మొత్తం కోడు, తర్వాత లైను లైనుకీ వివరణ. 1973లో డేవిడ్ ఆల్ '101 బేసిక్ కంప్యూటర్ గేమ్స్' అని వేసినప్పటి నుంచీ ఉన్న సంప్రదాయమే. చూసి టైప్ చెయ్యి, ఆడు, తర్వాత కెలుకు.

మొదటి ఆట, కంప్యూటర్ 1 నుంచి 20 లోపు ఒక అంకె అనుకుంటుంది, మనం ఆరుసార్లలో చెప్పాలి. ఎక్కువో తక్కువో అది చెప్తుంది. వాడు టైప్ చేశాడు, కోలన్ మర్చిపోయాడు, తిట్టుకున్నాడు, నడిపించాడు. ఓ పది సార్లు ఆడాక "అన్నా, ఆరు ఎందుకు? ఐదు చాలు, ఎప్పుడూ ఓడిపోం" అన్నాడు. ఎలారా అన్నాను. "ముందు 10 అంటాను. ఎక్కువంటే 15. సగం సగం కొట్టుకుంటూ పోతే ఐదోదానికి దొరికి తీరాలి" అన్నాడు.

నేను వాడి రికార్డు తీసి బైనరీ సెర్చ్ పేజీ చూపించాను. నీట్‌గా రాసుంది, కింద ఎర్ర ఇంకు సంతకం కూడా ఉంది. వాడు కాసేపు దాన్నే చూసి "ఇదేనా అది?" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు కోపమొచ్చింది, వాడి మీద మాత్రం కాదు.

పుస్తకం మరీ అంత గొప్పదేం కాదు. రెండో ఆట పేరుతో ఉన్న జోకుల అధ్యాయం మనవాళ్ళకి ఎక్కదు, తలుపు తట్టే ఇంగ్లీషు జోకులు మాకవరపాలెంలో ఎవరికి నవ్వొస్తాయి? దాటేశాం. రివర్సీ లాంటి ఆట ఒకటుంది, కోడు చాంతాడంత. అదీ వదిలేశాం. హ్యాంగ్‌మ్యాన్ దగ్గర మాత్రం మూడు రోజులు ఆగిపోయాం, పండగ మొత్తం దాంతోనే సరిపోయింది.

కంప్యూటర్ ఒక మాట దాచుకుంటుంది, మనం ఒక్కో అక్షరం చెప్తూ కనుక్కోవాలి. పుస్తకంలో ఇంగ్లీషు జంతువుల పేర్లున్నాయి. మావాడు వాటిని తీసేసి మా చుట్టుపక్కల ఊళ్ళు పెట్టాడు, తెలుగులో. నర్సీపట్నం, గొలుగొండ, రోలుగుంట, నాతవరం, కోటవురట్ల, మాకవరపాలెం. రన్ చేశాడు. మాకవరపాలేనికి పది గీతలు వచ్చాయి. ఆరే కదా రావాలి? పోనీ నర్సీపట్నం చూద్దామంటే దానికీ పదే. అక్కడున్నవి నాలుగు అక్షరాలు. "పా" అని కొడితే "ఒక్క అక్షరమే ఇవ్వు" అంది. "ప" అని కొడితే అసలది అక్షరమే కాదంది, ఎందుకంటే పుస్తకంలో కోడు ఇంగ్లీషు ఇరవై ఆరింటినే అక్షరాలంటుంది.

ఆరేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నా, జేసన్ ఫైళ్ళలో తెలుగు వెళ్తుంటే చూశా గానీ ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. యూనికోడ్‌లో "పా" అంటే రెండు, ప ఒకటి, దీర్ఘం ఒకటి. "ట్నం" అంటే నాలుగు: ట, పొల్లు, న, సున్న. పైథాన్ లెన్ లెక్కపెట్టేది వాటిని, మనం పలికే అక్షరాల్ని కాదు. ఇద్దరం కూర్చుని నియమం రాశాం. గుణింతపు గుర్తు గానీ సున్న గానీ పొల్లు గానీ వస్తే ముందుదానికి అతికించు. ముందుది పొల్లుతో ముగిసుంటే వచ్చే హల్లుని కూడా దానికే అతికించు. గట్టిగా పది లైన్లు. మాకవరపాలెం ఆరుకి, నర్సీపట్నం నాలుగుకి వచ్చినప్పుడు వాడు అరిచిన అరుపుకి పిన్ని వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

వచ్చి స్క్రీన్ చూసి "పండగ పూట ఈ ఉరి బొమ్మలేటిరా?" అంది. నిజమే. బొమ్మ మార్చాం, తప్పు చెప్పినప్పుడల్లా చేద నూతిలోకి ఒక మెట్టు దిగుతుంది. ఆరు తప్పులకి మునిగిపోతుంది. కానీ తెలుగులో గుణింతాలూ ఒత్తులూ కలిపితే ఊహించాల్సినవి వందల్లో ఉంటాయి, ఆరు తప్పుల్లో ఎవడూ గెలవడు. పిన్నే తేల్చింది. "ల అంటే లె, లం, లా అన్నీ తెరిచెయ్యండి" అని. హల్లు చెప్తే చాలు. ఇంజినీరింగ్ చదివిన ఇద్దరికీ తోచలేదది.

ఇప్పుడు మీలో కొందరు అనబోయేది నాకు తెలుసు. "ఏఐకి చెప్తే పది సెకన్లలో హ్యాంగ్‌మ్యాన్ ఇస్తుంది, ఈ టైపింగ్ గోల ఏంటి" అని. ఆఫీసులో నేనూ రోజూ వాడతాను, కాదనను. తెలుగుది అడిగితే ఆ పది లైన్ల నియమం కూడా ఇచ్చేస్తుంది. నా గొడవల్లా ఒకటే. తయారుగా వచ్చిన కోడు మావాడి రికార్డు లాంటిదే, నీట్‌గా ఉంటుంది, రన్ కూడా అవుతుంది, సంతకం కూడా పడుతుంది. ఐదు చాలు ఆరెందుకని అడగాలంటే ముందు ఆ ఆరు వాడి చేత్తో టైప్ చేసి ఉండాలి. పుస్తకం పక్కన వాడు టైప్ చేసిన కోడుని అసలుదాంతో పోల్చి తేడా చూపించే టూలు కూడా ఇస్తారు. అంటే తప్పులు చేస్తావు, చెయ్యి, పర్లేదు అని ముందే ఒప్పుకున్నట్టు. మన ల్యాబుల్లో తప్పుకి మార్కులు పోతాయి.

ఇంకో రకం సలహా, "యూనిటీతో మొదలెట్టించు, ఇండస్ట్రీలో అదే" అని. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద యూనిటీ తెరిచేలోపు వాడి ఉత్సాహం చల్లారిపోతుంది. పైగా అక్కడ మొదటి వారమంతా ఏ మెనూ ఎక్కడుందో వెతుక్కోవడమే. బొమ్మలు కదిలించాలనే సరదా ఉంటే ఈ పుస్తకం చివర్లో పైగేమ్ ఉంది, మెల్లగా అక్కడికి వెళ్ళొచ్చు.

మావాడు కాలేజీ మానలేదు, ఇప్పటికైతే. ఒక బ్యాక్‌లాగ్ ఉంది. పెద్ద ప్రోగ్రామర్ అవుతాడో లేదో నేను బాబాయికి మాటివ్వలేదు. పోయిన వారం రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు. ఆటలోకి కొత్త మాటలు ఎక్కిస్తున్నాడట, కొన్ని వాడు ల్యాప్‌టాప్‌లో కొట్టాడు, కొన్ని పిన్ని ఫోన్లో కొట్టి పంపింది. "అన్నా, సాఫ్ట్‌వేర్ అని నేను కొడితే నాలుగు వస్తోంది, అమ్మ కొడితే మూడు వస్తోంది. ట పొల్లుకీ వ కి మధ్య నా దాంట్లో కనపడని క్యారెక్టర్ ఒకటుంది. అమ్మ దాంట్లో అది లేదు, వ వెళ్ళి ట కింద ఒత్తైపోయింది. ఏది కరెక్టంటావ్?"

పొద్దున చూసి చెప్తానని పడుకున్నాను. లేచేసరికి ఇంకో మెసేజ్ ఉంది, "నువ్వు ఆగు, నేను చూస్తున్నా" అని.