సమస్యను రాసేదెవరు? (చదువు - కులం: 11వ భాగం)

ఇప్పుడు ఏ స్కూలు ఫ్లెక్సీ చూసినా ఇవే మాటలు. క్రిటికల్ థింకింగ్, ప్రాబ్లెమ్ సాల్వింగ్, లైఫ్ స్కిల్స్. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అమ్మేవాళ్లు ఇదే అంటారు. జాతీయ విద్యా విధానం-2020 కూడా ఇదే అంటుంది. బట్టీ పోవాలి, ఆలోచన రావాలి. మంచిదే, మనకేం అభ్యంతరం? బట్టీ చదువు వల్ల అందరికంటే ఎక్కువ దెబ్బతిన్నది మన పిల్లలే. రాత్రిపూట పక్కన కూర్చోబెట్టుకుని అప్పజెప్పించుకునే అమ్మానాన్నలు మాలపల్లెలో, మాదిగపల్లెలో ఎంతమంది?

నా పేచీ వేరే చోట ఉంది. పిల్లలకు ఆలోచించడం నేర్పుతామనేవాళ్లు, దేని గురించి ఆలోచించాలో తేల్చే అధికారం మాత్రం తమ దగ్గరే పెట్టుకుంటారు.

ఉమ్మడి రాష్ట్రంలో 2011 విద్యా ప్రణాళిక పరిధి పత్రం తర్వాత వచ్చిన లెక్కల పుస్తకాలు తీసి చూడండి. విద్యా ప్రమాణాల్లో ముందు వరుసలో ఉండేది 'సమస్యా సాధన'. కారణాలు చెప్పాలి, నిరూపించాలి, నిత్యజీవితానికి అనుసంధానం చేయాలి అని కూడా రాశారు. రాసినవాళ్లను తప్పుపట్టను, అందులో నిజాయితీగా పనిచేసిన టీచర్లు ఉన్నారు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. 'సొంతంగా రాయండి' అన్న ప్రశ్నకు కూడా గైడులో సొంత జవాబు దొరికింది! ప్రాజెక్టు వర్కు జిరాక్స్ షాపులో దొరికింది. ఆలోచన కూడా బట్టీ పట్టే సరుకైపోయింది.

ఎందుకిలా అయింది? టీచర్లకు ట్రైనింగ్ లేక అంటారు. కొంత నిజమే. అసలు కారణం తెలుసుకోవాలంటే ఒక పాత పుస్తకం దగ్గరికి వెళ్లాలి.

1910లో అమెరికాలో జాన్ డ్యూయీ 'హౌ వుయ్ థింక్' రాశాడు. ఇవాళ్టి థింకింగ్ స్కిల్స్ వర్క్‌షాపుల్లో సగం సరుకు తెలిసో తెలియకో అక్కడిదే. ఆలోచనకు ఆయన ఐదు మెట్లు చెప్పాడు. మొదట మనిషికి ఇబ్బంది తగలాలి. రెండోది, ఆ ఇబ్బంది ఏమిటో, ఎక్కడుందో తేల్చుకోవాలి. మూడోది, పరిష్కారం ఇదై ఉండొచ్చని ఊహించాలి. నాలుగోది, ఆ ఊహ ఎక్కడికి దారితీస్తుందో తర్కించాలి. ఐదోది, చూసి, పరీక్షించి, నిలబడితే ఉంచుకోవాలి, లేకపోతే వదిలెయ్యాలి.

మన బడి ఎక్కడ మొదలవుతుంది? మూడో మెట్టు దగ్గర. ఇబ్బంది పుస్తకం వాళ్లది, దాన్ని నిర్వచించింది కూడా వాళ్లే. పిల్లవాడికి మిగిలింది జవాబు వెతకడం, అదీ వెనక పేజీలో ఉన్న జవాబుకు సరిపోయేలా వెతకడం. మొదటి రెండు మెట్లూ తీసేసిన నిచ్చెన ఇచ్చి, ఎక్కలేకపోతే 'వీళ్లకు లాజిక్ రాదు' అంటారు.

ఈ డ్యూయీ దగ్గరే బాబాసాహెబ్ చదువుకున్నాడు, కొలంబియాలో, 1913 నుంచి 1916 మధ్య. ఆయన తన గురువని, తాను ఆయనకు ఎంతో రుణపడి ఉన్నానని 'కుల నిర్మూలన'లో తానే చెప్పుకున్నాడు. బాబాసాహెబ్ జీవితమంతా ఆ రెండో మెట్టు మీద జరిగిన పోరాటంగా కనబడుతుంది నాకు. అంటరానితనం సవర్ణుల మనసులో ఉన్న పాపం, మనసు మారితే పోతుంది అని గాంధీ సమస్యను నిర్వచించాడు. ఇది హక్కుల సమస్య, రాజకీయ అధికారం సమస్య అని అంబేద్కర్ నిర్వచించాడు. 1932లో గొడవంతా అక్కడే. ఒకసారి సమస్యను పాపంగా ఒప్పుకుంటే పరిష్కారం సేవాసంఘం అవుతుంది. హక్కుగా రాసుకుంటే పరిష్కారం ఓటు అవుతుంది. సమస్యను రాసేవాడి చేతిలోనే సగం జవాబు ఉంటుంది.

మనవాళ్లందరికీ తెలిసిన ఇంకో సంఘటన. బొంబాయిలో హైస్కూల్లో చదివేటప్పుడు ఒకరోజు టీచరు చిన్న భీమ్‌ను బోర్డు దగ్గరికొచ్చి లెక్క చేయమన్నాడు. వెంటనే క్లాసు మొత్తం బోర్డు మీదికి ఎగబడింది. బోర్డు వెనక సవర్ణ పిల్లల టిఫిన్ డబ్బాలున్నాయి, అవి మైలపడకుండా తీసేసుకోవాలి కదా! ఆ గదిలో అసలు సమస్య బోర్డు మీద ఉందా, బోర్డు వెనక ఉందా? మన ప్రాబ్లెమ్ సాల్వింగ్ సిలబస్ నూరేళ్లు దాటినా బోర్డు ముందే నిలబడి ఉంది.

ఇక అసలు పనికొద్దాం. బోర్డు వెనక్కి వెళ్తే పాఠం ఎలా ఉంటుంది?

బారువడ్డీ పాఠం తీసుకోండి. ఎవరో ఒకాయన బ్యాంకులో 5,000 వేశాడు, ఏడాదికి 8 శాతం, మూడేళ్లకు ఎంత? మన పిల్లల ఇళ్లల్లో ఎవరూ బ్యాంకులో వేసి మూడేళ్లు ఎదురుచూడరు. వాళ్లకు తెలిసిన వడ్డీ 'నూటికి మూడు'. అది నెలకని పుస్తకం చెప్పదు, పిల్లలకు చెప్పక్కర్లేదు. ఒక ఎస్సీ హాస్టల్లో కొన్నాళ్లు ఆదివారాలు లెక్కలు చెప్పాం, నేనూ ఇద్దరు మిత్రులూ. పుస్తకం మూసి, మీ ఇంట్లో ఉన్న అప్పు లెక్క వేద్దామన్నాం. మొదట ఎవరూ నోరు విప్పలేదు. అప్పు అంటే సిగ్గు. అందుకని మేమే ఒక లెక్క రాశాం: కౌలుకు చేసే మనిషి 40,000 తెచ్చాడు, నూటికి మూడు.

నెలకు 1,200. ఏడాదికి 14,400. అంటే 36 శాతం అని వాళ్లే తేల్చారు. 34 నెలలు తిరిగేసరికి కట్టిన వడ్డీ అసలును దాటిపోతుంది, అసలు మాత్రం 40,000 అలాగే ఉంటుంది. ఇది తేలినప్పుడు గదిలో గోల మొదలైంది. తర్వాత, రోజు కూలి 400 అనుకుంటే ఈ వడ్డీ ఎన్ని రోజుల కష్టం? 36 రోజులు. అదే 40,000 బ్యాంకులో పంట రుణంగా తెచ్చి గడువులో కట్టేస్తే వడ్డీ 4 శాతం, 1,600. నాలుగు రోజుల కూలి.

'మరి మా నాన్న బ్యాంకుకి ఎందుకు పోలేదన్నా?' అని తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది.

అదీ ప్రశ్న! డ్యూయీ చెప్పిన మొదటి మెట్టూ రెండో మెట్టూ ఒక్క వాక్యంలో ఎక్కేసింది. తర్వాతి రెండు ఆదివారాలు దాని మీదే గడిచాయి. బ్యాంకు పాసుపుస్తకం అడుగుతుంది. పాసుపుస్తకం భూమి ఉన్నవాడిది. కౌలుదారుకు కార్డు ఇస్తామని 2019లో చట్టం తెచ్చారు, దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. భూమి ఎవరికుంది, ఎవరికి లేదు, ఎందుకు లేదు? ఊరి పటం గీశారు. చెరువు కింద భూములెవరివి, పల్లె ఎక్కడుంది, శ్మశానం ఎక్కడుంది. శాతాలు, నిష్పత్తులు, పటాలు, కారణాలు, నిరూపణలు, పుస్తకంలోని విద్యా ప్రమాణాలన్నీ పూర్తయ్యాయి. ఒక్కటి కూడా గైడులో లేదు.

మూడో వారానికి కబురొచ్చింది. 'లెక్కలు చెప్పండి, రాజకీయాలు వద్దు.' 8 శాతం లెక్క గణితం, 36 శాతం లెక్క రాజకీయం అన్నమాట!

'ముందు చదవడం, రాయడం, ఎక్కాలు రానివ్వండి, ఆలోచన తర్వాత' అనేవాళ్లున్నారు. మంచి ఉద్దేశంతోనే అంటారు కొందరు. ఎక్కాలు రావాలి, నిస్సందేహంగా రావాలి. ఎక్కం రాకుండా ఆ 14,400 రాదు. కానీ ఈ 'తర్వాత' ఎవరి పిల్లలకు చెబుతున్నారు? డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఆరేళ్లకే 'ఎందుకు' అని అడగడం నేర్పుతున్నారు. మన పిల్లవాడు పదిహేనేళ్లకు అడిగినా 'ఎదురు మాట్లాడతాడు' అంటారు.

సావిత్రిబాయి, జోతిబా ఫూలేల బడిలో మాంగు కులానికి చెందిన ముక్తాబాయి అనే పిల్ల చదివింది. 1855లో, చదువు మొదలుపెట్టిన కొద్ది ఏళ్లకే, మాంగు, మహర్ల దుఃఖం గురించి ఒక వ్యాసం రాసింది. వేదాలు బ్రాహ్మణుల సొత్తే అయితే మరి మా మతం ఏది అని తర్కించింది. అక్షరాలూ ఆలోచనా ఆమెకు ఒకేసారి వచ్చాయి. ఆ టీచర్లు ఆపలేదు గనక వచ్చాయి.

కొత్త విధానంలో ఇంకో ముచ్చట ఉంది. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా వడ్రంగి దగ్గర, తోటమాలి దగ్గర, కుమ్మరి దగ్గర పని నేర్చుకోవాలట. చేతిపని గౌరవం నేర్పితే నాకు సంతోషమే. కానీ కాలనీ పిల్లవాడు కుమ్మరి దగ్గరికి వెళ్తే అది అనుభవం. కుమ్మరి పిల్లవాడు వెళ్తే ఇంటికెళ్లినట్టు. చెప్పు కుట్టేవాడి దగ్గరికీ, డ్రైనేజీ తీసేవాడి దగ్గరికీ ఎవరి పిల్లల్ని పంపుతారో చూడాలని ఉంది. 1953లో మద్రాసులో రాజాజీ, సగం పూట బడి, సగం పూట తల్లిదండ్రుల వృత్తి అన్నాడు. పెరియార్ ఊరుకోలేదు, కామరాజ్ 1954లో దాన్ని ఎత్తేశాడు. రెండూ ఒకటేనని అనను. కానీ ఆ చరిత్ర తెలిసినవాళ్లు ఈ పది రోజుల మీద ఒక కన్నేసి ఉంచాలి.

మన పిల్లలకు ఆలోచన రాదనేవాళ్లకు కారంచేడు గుర్తుచేస్తాను. తాగే నీళ్ల చెరువును మురికి చేయకూడదు, ఇది మూడో తరగతి పాఠం. 1985 జులైలో మాదిగలు చెప్పింది అదే. సువార్తమ్మ బిందె ఎత్తింది అందుకే. మర్నాడు ఆరుగురిని చంపారు. పాఠం రాకపోవడం వల్ల జరిగిందా అది? పాఠాన్ని ఎవరు చెప్పారన్నదే అక్కడ నేరం.

మనవాళ్లతోనూ ఒక మాట. గురుకులం పిల్లలకు ర్యాంకులొస్తే పోస్టులు పెడతాం, పెట్టాలి కూడా. పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్టు ఎక్కినప్పుడు నేనూ ఏడ్చాను. కానీ ర్యాంకు అంటే ఇతరులు రాసిన ప్రశ్నకు అందరికంటే వేగంగా జవాబు చెప్పడం. అది కావాలి. అంతటితో తృప్తిపడితే, ఇతరుల సమస్యల్ని బ్రహ్మాండంగా పరిష్కరించే ఇంజనీర్లు తయారవుతారు, వాళ్ల నాన్న నూటికి మూడు కడుతూనే ఉంటాడు.

కాబట్టి డిగ్రీ, పీజీ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవులకు ఊరెళ్లినప్పుడు దగ్గర్లోని హాస్టల్‌కి వెళ్లండి. వార్డెన్ అనుమతి తీసుకోండి, దొంగతనంగా చేసే పని కాదిది. మొదటి రోజు ఏమీ నేర్పకండి. ప్రతి పిల్లా, పిల్లవాడూ వాళ్లకు రోజూ తగిలే ఒక ఇబ్బంది రాయాలి, పేరు రాయక్కర్లేదు. నీళ్లు, బస్సు, మెనూలో ఉన్న గుడ్డు ప్లేట్లో లేకపోవడం, మరుగుదొడ్డి కడిగే వంతు ఎప్పుడూ ఒకరికే రావడం, ఏదైనా సరే. అందులోంచి ఒకటి వాళ్లే ఎంచుకోవాలి. కొలవగలిగింది కొలవాలి, లెక్కపెట్టగలిగింది లెక్కపెట్టాలి, ఎవరిని అడగాలో తేల్చుకుని దరఖాస్తు రాయాలి. సమాచార హక్కు దరఖాస్తుకు ఒక తెల్లకాగితం చాలు.

అలా రాయించిన ఇబ్బందుల కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే, పిల్లల పేర్లూ హాస్టల్ పేరూ తీసేసి నాకు పంపండి. 12వ భాగం వాటి మీదే రాస్తాను.

జై భీమ్.