గిన్నె అడుగున అన్నం

షాద్‌నగర్‌లో మా చుట్టాలింట్లో ఒక మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాయి. ఆ యింటి కోడలు కూడా తినేసింది. తీరా లేవబోతూ, గిన్నె అడుగున మిగిలిన అన్నమంతా మళ్ళీ తన కంచంలో పెట్టుకున్నది.

"ఇంకా ఆకలిగా వుందా?" అని అడిగాను.

"ఆకలేం లేదు వదినా. పారెయ్యనీకి మనసొప్పదు" అన్నది.

ఆ సాయంత్రం యింటి ఖర్చుల పద్దు తీసి చూపించింది. అందులో ఒళ్ళు తగ్గే పొడి డబ్బాకూ ఒక పద్దు వుంది! మధ్యాహ్నం చేసిన పొదుపుకు సాయంత్రం చెల్లించిన మూల్యమన్నమాట.

ఆ పక్క మెట్ట పొలాల్లో ఒకప్పుడు జొన్నే ప్రధానం. రోజూ రొట్టె, గట్క, అంబలి. పేదల యిళ్ళల్లో వరి అన్నం పండుగనాటి మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో రేషను కార్డున్న వారికి మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం. ఎన్నో కడుపులు నింపిన మేలది, కాదనలేం. కాని ధరలు తారుమారైనాయి. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలు సాధారణ రకం వడ్లకు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699.

అయితే జొన్నలు కొంటే ఒళ్ళు తగ్గుతుందా? జొన్నకూ బియ్యానికీ శక్తిలో పెద్ద తేడా లేదు. తేడా పీచులో వుంది. నూరు గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల పీచు. తెల్లని బియ్యంలో 3 గ్రాములు కూడా వుండదు. అందుచేత రొట్టెతో కడుపు త్వరగా నిండుతుంది. నిండాక కూడా తింటే జొన్నయినా ఒకటే, బియ్యమైనా ఒకటే.

బియ్యం ఖర్చు ఎసట్లో పోసినప్పుడే అయిపోయింది. మిగిలింది తిన్నంత మాత్రాన ఆ ఖర్చు తిరిగి రాదు. పొదుపు చేయవలసింది కంచం దగ్గర కాదు, బియ్యం కొలిచేటప్పుడు. రోజూ మిగులుతున్నదంటే రేపు గుప్పెడు తక్కువ పోయండి. డబ్బా పొడి డబ్బుతో కందిపప్పు, ఆకుకూర కొనండి. అప్పటికీ మిగిలితే చల్లగా దాచి, రాత్రికి వేడిచేసి తాలింపు పెట్టండి.

వెనుక యింట్లో బర్రె వుండేది. మిగిలినదంతా కుడితి గోలెంలోకి పోయి, పాలై తిరిగి వచ్చేది. ఇప్పుడు బర్రె లేదు, గోలెమూ లేదు. అంతమాత్రాన ఇల్లాలి కడుపును గోలెం చేయాలా?